కళాశాల సైన్స్ పాఠ్యపుస్తకాలను తక్కువ ఖర్చుతో సమకూర్చుకోవడం ఎలా?

కళాశాల స్థాయి భౌతిక, రసాయన, జీవశాస్త్రాల పాఠ్యపుస్తకాలు అంత ఖరీదుగా ఉండడానికి వేయికి పైబడిన పుటలు, రంగుల బొమ్మలు, అధ్యాయానికి వంద వరకు ఉండే లెక్కలు కొంతవరకు కారణమే. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ఈ పుస్తకాన్ని ఎంపిక చేసేది అధ్యాపకులు, డబ్బు చెల్లించేది విద్యార్థులు. మందుల చీటీ రాసేవారు ఒకరు, మందు కొనేవారు మరొకరు అయినప్పుడు ధర చూసి ఎంచుకునే వీలు కొనేవారికి ఎలా ఉండదో, ఇక్కడా అలాగే ఉండదు. దీనికి తోడు, పేరున్న ప్రాథమిక పాఠ్యపుస్తకాలకు ప్రచురణకర్తలు మూడు నాలుగేళ్లకొకసారి కొత్త ఎడిషన్ తెస్తుంటారు. అది వచ్చిన రోజు నుంచే పాత ప్రతుల ధర పడిపోతుంది, తరగతిలో కొత్తదే ఉండాలన్న భావన స్థిరపడుతుంది.

అంటే మీరు చెల్లించే ధరలో గణనీయమైన భాగం కొత్తదనానికి చెల్లిస్తున్నది. ఆ కొత్తదనం కొన్ని సబ్జెక్టుల్లో నిజమైనది, కొన్నింటిలో అట్ట మీదిది మాత్రమే. ఏది ఏదో తేల్చుకోగలిగితే పుస్తకాల ఖర్చులో ఎక్కువ భాగం మిగులుతుంది. కింది దశలను ఈ క్రమంలోనే పాటించండి. ముందు చేయవలసిన పని తరువాతకు వాయిదా పడితే చాలా సందర్భాల్లో దాని ప్రయోజనం పోతుంది.

1. జాబితా రాగానే కొనకండి, ముందు విచారించండి

పుస్తకాల జాబితా చేతికి వచ్చిన రోజే అన్నీ కొనేయడం విద్యార్థులు చేసే అత్యంత ఖరీదైన పొరపాటు. నా మొదటి సెమిస్టర్‌లో నేనూ అదే చేశాను. జాబితాలో ఉన్న అయిదింటిలో ఒకదాని ప్లాస్టిక్ కవరు సెమిస్టర్ ముగిసేనాటికి కూడా విప్పలేదు. జాబితాలో ‘తప్పనిసరి’, ‘సిఫారసు’ అనే రెండు వర్గాలు ఉంటే, ‘సిఫారసు’ కింద ఉన్నవాటిని తరగతులు మొదలై రెండు వారాలు గడిచేవరకు ముట్టుకోకండి. ‘తప్పనిసరి’ అన్న మాటను కూడా అధ్యాపకులను అడిగి నిర్ధారించుకోండి.

అడగవలసినవి నాలుగు ప్రశ్నలు. హోంవర్క్ లెక్కలను పుస్తకంలోని సంఖ్యల ప్రకారం ఇస్తారా, లేక విడిగా ఇస్తారా? ఆన్‌లైన్ హోంవర్క్ కోసం యాక్సెస్ కోడ్ కొనవలసి ఉంటుందా? ఒకటి రెండు ఎడిషన్ల కిందటి పుస్తకం సరిపోతుందా? ఈ సెమిస్టర్‌లో ఏయే అధ్యాయాలు బోధిస్తారు? ఈ నాలుగింటినీ ఒకే చిన్న ఈమెయిల్‌లో మర్యాదగా అడిగితే చాలామంది అధ్యాపకులు సూటిగా జవాబిస్తారు. పాత ఎడిషన్ గురించి అడిగితే ఏమనుకుంటారోనన్న సంకోచం అనవసరం. అధ్యాపకులలో చాలామందికి పాఠం చెప్పుకోవడానికి తామే పాత ఎడిషన్ వాడుతున్న సంగతి బాగా తెలుసు. అదే కోర్సును కిందటి సంవత్సరం చదివిన సీనియర్లను కూడా అడగండి, కానీ ప్రశ్న మార్చి అడగండి. ‘పుస్తకం కావాలా?’ అంటే ఎక్కువమంది అవుననే అంటారు. ‘మీరు దాన్ని ఎన్నిసార్లు తెరిచారు, దేనికోసం తెరిచారు?’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

2. ఐఎస్‌బీఎన్ సంఖ్యను జాగ్రత్తగా చదవండి

ప్రతి పుస్తకానికీ వెనుక అట్ట మీద బార్‌కోడ్ దగ్గర ఒక ఐఎస్‌బీఎన్ (అంతర్జాతీయ ప్రామాణిక పుస్తక సంఖ్య) ఉంటుంది. 2007 జనవరి 1 నుంచి ఇందులో 13 అంకెలు ఉంటున్నాయి. అంతకు ముందు 10 ఉండేవి. అందువల్ల బాగా పాత ప్రతి కోసం వెతికేటప్పుడు 13 అంకెల సంఖ్యతో దొరకని పుస్తకం 10 అంకెల సంఖ్యతో దొరకవచ్చు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఐఎస్‌బీఎన్ సంఖ్య గుర్తించేది పుస్తకాన్ని కాదు, ఆ పుస్తకం అమ్ముడయ్యే ఒక్కొక్క రూపాన్ని. ఒకే పాఠానికి గట్టి అట్ట ప్రతికి ఒక సంఖ్య, మెత్తని అట్ట ప్రతికి మరొకటి, బైండు చేయని విడి కాగితాల ప్రతికి ఇంకొకటి, ఎలక్ట్రానిక్ ప్రతికి వేరొకటి ఉంటాయి. పుస్తకం, జవాబుల పుస్తకం, యాక్సెస్ కోడ్ మూడూ కలిపి కట్టిన కట్టకు కూడా ప్రత్యేకమైన సంఖ్య ఉంటుంది. జాబితాలో ఇచ్చిన సంఖ్య తరచుగా ఈ కట్టదే అవుతుంది. కాబట్టి ఆ సంఖ్యను వెతికి, అది దేనిని సూచిస్తుందో చూసి, కట్ట అయితే అందులోని పుస్తకం ఒక్కటే విడిగా ఏ సంఖ్యతో దొరుకుతుందో కనుక్కోండి. రచయిత పేరు, పుస్తకం పేరు, ఎడిషన్ సంఖ్య ఈ మూడింటితో వెతికితే అది సులభంగానే తెలుస్తుంది. అయితే విడిగా కొనేముందు రెండు ధరలూ కలిపి చూసుకోండి; కోడ్ ఎలాగూ తప్పనిసరి అయినప్పుడు కొన్నిసార్లు కట్టే చవకగా ఉంటుంది.

భౌతికశాస్త్ర పుస్తకాలకు మరో చిక్కు ఉంది. ఒకే పుస్తకాన్ని సంపూర్ణ ప్రతిగానూ, రెండు మూడు సంపుటాలుగానూ అమ్ముతారు. మొదటి సెమిస్టర్‌లో యాంత్రిక శాస్త్రం మాత్రమే చదివి ఆ తరువాత భౌతికశాస్త్రం వైపు రాని జీవశాస్త్ర విద్యార్థికి మొదటి సంపుటం చాలు. రెండు సెమిస్టర్లూ చదవవలసినవారికి సంపుటాలను విడివిడిగా కొంటే సంపూర్ణ ప్రతికన్నా ఎక్కువ ఖర్చు కావచ్చు.

3. పుస్తకంతో మీకు ఏం పని ఉందో తేల్చుకోండి

సాధారణంగా సైన్స్ పుస్తకంతో నాలుగు రకాల పనులుంటాయి: పాఠం అర్థం చేసుకోవడానికి చదవడం, లెక్కలు చేయడం, ప్రయోగశాలలో నమోదు చేయడం, తరువాతి ఏళ్లలో అవసరమైనప్పుడు తిరిగి చూసుకోవడం. ప్రయోగశాల పుస్తకంలో పట్టికలు నింపి, కాగితాలు చింపి ఇవ్వవలసి ఉంటే దాన్ని కొత్తదిగా కొనడం తప్ప వేరే దారి లేదు. పాత ప్రతిలో ఆ కాగితాలే ఉండవు. పాఠం చదవడానికి మాత్రమే అయితే అదే స్థాయి పుస్తకం ఏదైనా పనికివస్తుంది. నిర్దేశించిన ఎడిషన్‌తో నిజంగా పని పడేది సంఖ్యల ప్రకారం ఇచ్చే లెక్కల దగ్గర మాత్రమే, దానికీ పరిష్కారం ఉంది.

4. పాత ఎడిషన్ సరిపోతుందా అన్నది సబ్జెక్టును బట్టి నిర్ణయించండి

డబ్బు అత్యధికంగా మిగిలేది ఇక్కడే, పొరపాటు చేయడానికి అవకాశం ఉన్నదీ ఇక్కడే. అందుకే ఈ దశకు కొంత సమయం కేటాయించండి.

యాంత్రిక శాస్త్రం, విద్యుదయస్కాంత శాస్త్రం, ఉష్ణగతిక శాస్త్రం, కలనగణితం డిగ్రీ మొదటి సంవత్సరాల్లో చదివే స్థాయిలో చాలా దశాబ్దాలుగా మారలేదు. వాలు తలం మీద జారే దిమ్మె లెక్క ఏ ఎడిషన్‌లోనైనా ఒకే విధంగా పరిష్కారమవుతుంది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము, ఆంపియర్, కెల్విన్, మోల్ ప్రమాణాలకు కొత్త నిర్వచనాలు అమలులోకి వచ్చాయి, అవగాడ్రో సంఖ్య కచ్చితంగా 6.02214076 × 10²³ అని నిర్ణయమైంది. అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో ప్రమాణాల మొదటి అధ్యాయం ఈ మేరకు పాతదే. కానీ తరగతిలో చేసే లెక్కల జవాబులు ఆ కారణంగా మారవు. ఈ సబ్జెక్టుల్లో రెండు, మూడు, అవసరమైతే అయిదు ఎడిషన్లు వెనక్కి వెళ్లినా నష్టం లేదు. ఆధునిక భౌతికశాస్త్రానికి సంబంధించిన చివరి అధ్యాయాల సంగతి వేరు: 2012లో హిగ్స్ బోసాన్ అనే మూలకణాన్ని కనుగొనడం, 2015 సెప్టెంబరులో గురుత్వ తరంగాల తొలి గుర్తింపు పాత పుస్తకాల్లో ఉండవు, లేదా ఇంకా వెతుకుతున్న విషయాలుగా ఉంటాయి.

సాధారణ రసాయన శాస్త్రంలోనూ పాతది చాలా దూరం పనికివస్తుంది, అయితే ఒకటి రెండు చోట్ల చూసుకోవాలి. ప్రామాణిక పీడనాన్ని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపీఏసీ 1982లో ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కు మార్చింది. దాంతో సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక మోల్ ఆదర్శ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లకు బదులు 22.7 లీటర్లు అవుతుంది. విశేషమేమిటంటే, ఆ తరువాత చాలాకాలానికి వచ్చిన పుస్తకాల్లో కూడా కొన్ని పాత విలువనే వాడుతున్నాయి. మీ అధ్యాపకులు ఏ విలువ వాడుతున్నారో అడిగి, మీ ప్రతిలో ఆ పుటలోనే పెన్సిల్‌తో రాసుకోండి. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 సంఖ్యల మూలకాలకు పేర్లు ఖరారైనది 2016 నవంబరులో. అంతకు ముందు అచ్చయిన పుస్తకం అట్ట లోపలి పట్టికలో ఆ గళ్లు తాత్కాలిక పేర్లతోనో ఖాళీగానో ఉంటాయి. ఒక కొత్త పట్టికను ముద్రించి అక్కడ అంటించుకుంటే ఆ లోటు తీరుతుంది. కర్బన రసాయన శాస్త్రంలో చర్యా విధానాలు ఎడిషన్‌తో పాటు మారేవి కావు. శరీర నిర్మాణ శాస్త్రం గురించి చెప్పనక్కరలేదు, మనిషి ఎముకల సంఖ్య ఎడిషన్‌ను బట్టి మారదు.

జీవశాస్త్రంలో మాత్రం కొత్తదనానికి విలువ ఉంది. క్రిస్పర్ సాంకేతికతతో జన్యువులను కోయవచ్చని చూపిన కీలక పరిశోధన వెలువడింది 2012లో. మానవ జన్యుపటంలో అంతవరకు ఖాళీగా మిగిలిన భాగాలతో సహా సంపూర్ణ క్రమం ప్రచురితమైంది 2022లో. జన్యుశాస్త్రం, అణు జీవశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం చదివేవారు ఒక ఎడిషన్‌కు మించి వెనక్కి వెళ్లకపోవడం మంచిది. అదే జీవశాస్త్రంలో కిరణజన్య సంయోగక్రియ, కణశ్వాసక్రియ, మెండెల్ సూత్రాల వంటి ప్రాథమిక అధ్యాయాలకు ఆ జాగ్రత్త అక్కరలేదు. ఖగోళ శాస్త్రంలోనూ పాత పుస్తకం త్వరగా వెనకబడుతుంది. 2006కు ముందు అచ్చయిన పుస్తకంలో ప్లూటో ఇంకా గ్రహమే, సౌరకుటుంబానికి వెలుపలి గ్రహాల గురించిన సమాచారం ఇప్పటితో పోలిస్తే చాలా తక్కువ.

రెండు ఎడిషన్ల మధ్య నిజంగా ఏం మారిందో తెలుసుకోవడానికి కొత్త ఎడిషన్ ముందుమాట చదవడమే అన్నిటికన్నా దగ్గరి దారి. ‘ఈ ఎడిషన్‌లో కొత్తవి’ అనే శీర్షిక కింద అధ్యాయాల వారీగా మార్పులను ప్రచురణకర్తలే రాస్తారు. అక్కడ ‘బొమ్మలను మెరుగుపరిచాము’, ‘లెక్కల సంఖ్యలను తాజాపరిచాము’ అనే మాటలే ఎక్కువగా కనిపిస్తే పాతది నిస్సంకోచంగా కొనవచ్చు. ఆపై రెండు ఎడిషన్ల విషయసూచికలను పక్కపక్కన పెట్టి, అధ్యాయాలు ముందువెనుకలయ్యాయేమో చూసి, పాత ప్రతి లోపలి పుటలో ‘కొత్తదానిలో 7వ అధ్యాయం, ఇందులో 8వది’ అన్నట్టు ఒక చిన్న పట్టిక రాసి పెట్టుకోండి.

లెక్కల సంఖ్యలు మారిన సమస్యకు పరిష్కారం ఇది. గ్రంథాలయంలో ఉన్న కొత్త ప్రతిలోనో, తోటి విద్యార్థి దగ్గర ఉన్న ప్రతిలోనో ఆ వారం ఇచ్చిన లెక్కలను చూసి, మీ పాత ప్రతిలో అవే ఏ సంఖ్యతో ఉన్నాయో గుర్తించండి. చాలావరకు అవే లెక్కలు క్రమం మారి ఉంటాయి, లేదా దిమ్మె బరువు 5 కిలోలకు బదులు 6 కిలోలు అయి ఉంటుంది. పాతదానిలో లేని నాలుగైదింటిని నోటుపుస్తకంలో రాసుకోండి. వారానికి ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలు కేటాయించలేనని ముందే తెలిసినవారు పాత ఎడిషన్ జోలికి వెళ్లకపోవడమే మేలు. తప్పు లెక్కలు చేసి తీసుకువెళ్లి మార్కులు పోగొట్టుకుంటే మిగిలిన డబ్బుకు అర్థం ఉండదు.

ఎడిషన్‌కూ పునర్ముద్రణకూ తేడా గమనించండి. పేరు పుట వెనుక వైపున ఈ రెండింటి వివరాలూ ఉంటాయి. అదే ఎడిషన్‌లో తరువాతి ముద్రణలకు వచ్చేసరికి అచ్చుతప్పులు, తప్పు జవాబులు సవరిస్తారు. మీకు దొరికినది తొలి ముద్రణ అయితే, రచయిత గానీ ప్రచురణకర్త గానీ ఇంటర్నెట్‌లో ఉంచిన తప్పొప్పుల పట్టిక దించుకుని, మొదటి రోజే పెన్సిల్‌తో దిద్దుకోండి. తప్పు జవాబుతో గంటల తరబడి పెనుగులాడడం ఎంత చికాకో లెక్కలు చేసినవారికి తెలుసు.

5. గ్రంథాలయాన్ని రెండు విధాలుగా వాడుకోండి

చాలా కళాశాల గ్రంథాలయాలు ఆ సంవత్సరం నిర్దేశించిన పుస్తకాన్ని రిజర్వ్ విభాగంలో ఉంచి, రెండు మూడు గంటలకు మాత్రమే ఇస్తాయి. దాని పాత ఎడిషన్లు మాత్రం మామూలు అరల్లో ఉండి వారాల తరబడి ఇంటికి ఇస్తారు. పాతదాన్ని ఇంటికి తెచ్చుకుని చదువుతూ, కొత్తదాన్ని లెక్కల సంఖ్యలు సరిచూసుకోవడానికి మాత్రమే రిజర్వ్‌లో వాడుకుంటే, చాలా కోర్సులకు పుస్తకం కొనకుండానే గడిచిపోతుంది. పరీక్షల ముందు వారం మాత్రం ఈ ఏర్పాటు మీద ఆధారపడకండి. అప్పుడు ఆ ఒక్క ప్రతి కోసం తరగతి అంతా వరుసలో ఉంటుంది.

గ్రంథాలయం చందా కట్టిన ఎలక్ట్రానిక్ పుస్తకాల్లో మీ పుస్తకం ఉందేమో కూడా వెతకండి. ఉంటే, ఏకకాలంలో ఎంతమంది చదవవచ్చో, ఎన్ని పుటలు దించుకోవచ్చో అక్కడే రాసి ఉంటుంది. లేకపోతే ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించే ఏర్పాటు ఉందేమో అడగండి. కొత్త పుస్తకం కొనమని గ్రంథాలయాధికారికి విద్యార్థులు రాతపూర్వకంగా అభ్యర్థన పెట్టుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. పది మంది కలిసి సెమిస్టర్‌కు ముందే అడిగితే ఆ అభ్యర్థనకు బలం ఉంటుంది.

6. చట్టబద్ధంగా ఉచితంగా దొరికే పుస్తకాలను ముందుగా చూడండి

ఇరవై ఏళ్ల కిందట పెద్దగా లేని సౌకర్యం ఇది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్ 2012 నుంచి డిగ్రీ మొదటి సంవత్సరాల స్థాయి పుస్తకాలను ఉచితంగా అందిస్తోంది. భౌతికశాస్త్రం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం, ఖగోళ శాస్త్రం అన్నిటికీ అందులో పూర్తి పుస్తకాలున్నాయి. పీడీఎఫ్ రూపంలో దించుకుని శాశ్వతంగా ఉంచుకోవచ్చు. దశాబ్దాల పాటు వాణిజ్య ప్రచురణగా అమ్ముడైన జాన్ మక్‌మర్రీ కర్బన రసాయన శాస్త్ర పుస్తకం పదో ఎడిషన్ కూడా 2023లో ఓపెన్‌స్టాక్స్ ద్వారానే ఉచితంగా వెలువడింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధితో మరణించిన కుమారుడి స్మృతిలో రచయిత దాన్ని అలా ఇచ్చారు. మీ జాబితాలో ఆ పుస్తకం పాత ఎడిషన్ ఉంటే కొనడానికి ముందు రెండోసారి ఆలోచించండి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో రసాయన శాస్త్ర అధ్యాపకుడు డెల్మార్ లార్సన్ 2008లో మొదలుపెట్టిన కృషి ఇప్పుడు లిబ్రెటెక్స్ట్స్ పేరుతో విస్తరించింది. పై తరగతుల విశ్లేషణాత్మక రసాయనం, భౌతిక రసాయనం వంటివాటికి ఓపెన్‌స్టాక్స్‌లో దొరకని పాఠాలు ఇక్కడ దొరుకుతాయి, అయితే అధ్యాయానికీ అధ్యాయానికీ నాణ్యత ఒకేలా ఉండదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నిర్వహించే ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌లో కణ జీవశాస్త్రం, జీవరసాయన శాస్త్రాల ప్రామాణిక గ్రంథాల పాత ఎడిషన్లు కొన్ని ఉన్నాయి. వాటిని మొదటి పుట నుంచి వరుసగా చదువుకునే వీలు సాధారణంగా ఉండదు. పదం ఇచ్చి వెతికితే ఆ భాగం తెరుచుకుంటుంది. ఒక భావన అర్థం కాక ఆగినప్పుడు అంతమాత్రం చాలు. అభ్యాసానికి లెక్కలు కావాలంటే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2001లో ప్రకటించిన ఓపెన్‌కోర్స్‌వేర్‌లో పాత ప్రశ్నపత్రాలు, చాలా కోర్సులకు జవాబులతో సహా ఉన్నాయి. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1961 నుంచి 1963 వరకు కాల్‌టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లో చేసిన ప్రసిద్ధ భౌతికశాస్త్ర ఉపన్యాసాల మూడు సంపుటాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వాటిని మొదటి పుస్తకంగా మాత్రం పెట్టుకోకండి. విషయం ఒకసారి నేర్చుకున్న తరువాత చదివితేనే వాటి అందం తెలుస్తుంది, హోంవర్క్‌కు అవి పెద్దగా ఉపకరించవు.

ఉచిత పుస్తకాన్ని వాడే పద్ధతి ఇది. అధ్యాపకులు ఇచ్చిన పాఠ్యప్రణాళికలోని అంశాలను ఒక నిలువు వరుసలో రాసి, వాటి ఎదురుగా ఉచిత పుస్తకంలోని అధ్యాయ సంఖ్యలు రాయండి. ఖాళీగా మిగిలిన అంశాలు రెండు మూడుకు మించకపోతే ఆ పుస్తకమే మీ ప్రధాన పుస్తకం కావచ్చు. తెర మీద చదవలేనివారు అవసరమైన అధ్యాయాలను మాత్రమే ముద్రించి బైండు చేయించుకోవచ్చు. ఇటువంటి పుస్తకాల మీద ఉండే క్రియేటివ్ కామన్స్ అనుమతి సొంత వాడకానికి ముద్రించుకోవడాన్ని ఒప్పుకుంటుంది. ‘వాణిజ్యేతర’ అన్న షరతు ఉన్నవాటిని ముద్రించి లాభానికి అమ్మకూడదు.

అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతుల గురించి ఒక్క మాట. చట్టవిరుద్ధమన్నది అలా ఉంచినా, అవి తరచుగా వేరే ఎడిషన్‌వి, పుటలు లేనివి, కొన్నిసార్లు కంప్యూటర్‌ను పాడుచేసే ఫైళ్లతో కలిసినవి. పైన చెప్పినవన్నీ ఉండగా వాటి అవసరమే రాదు.

7. పాత ప్రతి కొనేటప్పుడు చూడవలసినవి

సీనియర్ల దగ్గర నేరుగా కొనడం ఎప్పుడూ మొదటి ఎంపిక కావాలి. మధ్యవర్తి ఉండడు, పుస్తకాన్ని చేతిలో పట్టుకుని చూడవచ్చు, వారి నోట్సు కూడా అడిగి తీసుకోవచ్చు. సెమిస్టర్ పరీక్షలు ముగిసిన వారంలో అడగండి. కొత్త సెమిస్టర్ మొదలయ్యే వారంలో అందరూ అడుగుతారు. ఇంటర్నెట్‌లో కొనేటట్టయితే ముందు అట్ట, ఐఎస్‌బీఎన్ ఉన్న పుట, లోపలి రెండు మూడు పుటల ఫొటోలు పంపమని అడగండి.

గీతలు గీసిన పుస్తకం చవకగా వస్తుంది. పాఠం కింద గీసిన గీతలతో పెద్ద ఇబ్బంది లేదు. లెక్కల పక్కన జవాబులు రాసిన ప్రతిని మాత్రం తీసుకోకండి. జవాబు కళ్ల ముందు ఉండగా లెక్క చేయడం ఎవరికీ సాధ్యం కాదు. వెనుక ఉండే అనుబంధాలు, ఆవర్తన పట్టిక, స్థిరాంకాల పట్టిక చిరగకుండా ఉన్నాయో లేదో చూడండి. మొదట ఊడిపోయేవి అవే. విడి కాగితాల ప్రతి కొత్తదైనా చవకే, కానీ తిరిగి అమ్మడం కష్టం.

ఇతర దేశాల కోసం ముద్రించిన అంతర్జాతీయ ఎడిషన్లు పలుచని కాగితం, మెత్తని అట్టతో తక్కువ ధరకు వస్తాయి. పాఠం దాదాపు ఒకటే అయినా లెక్కల క్రమం, కొలతల ప్రమాణాలు, కొన్నిసార్లు అధ్యాయాల వరుస మారుతుంది. కాబట్టి పాత ఎడిషన్‌కు చెప్పిన పోలిక ఇక్కడా చేయండి. వీటి అమ్మకం గురించి అమెరికాలో ప్రసిద్ధమైన వ్యాజ్యం నడిచింది. సుపాప్ కిర్త్‌సెంగ్ అనే థాయ్ విద్యార్థి తన దేశం నుంచి తెప్పించిన పాఠ్యపుస్తకాలను అమెరికాలో అమ్మినందుకు ప్రచురణ సంస్థ జాన్ వైలీ దావా వేసింది. చట్టబద్ధంగా తయారై, చట్టబద్ధంగా కొన్న ప్రతిని కొన్నవారు తిరిగి అమ్ముకోవచ్చని ఆ దేశ సుప్రీంకోర్టు 2013లో 6–3 ఆధిక్యంతో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఆ దేశానికే వర్తిస్తుంది, ఇతర దేశాల చట్టాలు వేరుగా ఉంటాయి.

8. యాక్సెస్ కోడ్ విషయంలో తొందరపడకండి

తప్పించుకోవడానికి వీలు లేని ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే. ఆన్‌లైన్ హోంవర్క్‌కు వాడే కోడ్ ఒక్కరికి ఒక్కసారే పనిచేస్తుంది. పాత పుస్తకంలో ఉన్న కోడ్ అప్పటికే వాడేసి ఉంటుంది కాబట్టి, ‘కోడ్‌తో సహా’ అని అమ్మే పాత ప్రతికి ఎక్కువ ధర ఇవ్వకండి. కోడ్‌లోనే ఎలక్ట్రానిక్ పుస్తకం కలిసి ఉందేమో చూడండి. ఉంటే అచ్చు పుస్తకం విడిగా కొనవలసిన పని లేదు. చాలా వ్యవస్థలు మొదటి రెండు వారాలు డబ్బు తీసుకోకుండా ప్రవేశం ఇస్తాయి. ఆ కోర్సులో కొనసాగుతారో లేదో తేలేవరకు దానితోనే నడపండి. రెండు సెమిస్టర్ల కోర్సుకు ఒకే పుస్తకం అయితే ఎక్కువ కాలానికి చెల్లే కోడ్ ధర ఎంతో కనుక్కోండి, అది సాధారణంగా రెండుసార్లు విడివిడిగా కొనడంకన్నా చవకగా ఉంటుంది. హోంవర్క్‌కు ఉన్న మార్కులు ఎన్నో కూడా చూసుకోండి గానీ, మొత్తంలో అయిదు శాతమే కదా అని కోడ్ కొనడం మానేస్తే నష్టపోయేది మార్కులు మాత్రమే కాదు, వారం వారం లెక్కలు చేసే అలవాటు కూడా.

9. అద్దెకు తీసుకోవాలా, కొనాలా అన్నది లెక్క వేసి చూడండి

పుస్తకం అసలు ఖర్చు కొన్న ధర కాదు, కొన్న ధరలోంచి తిరిగి అమ్మగా వచ్చినది తీసివేస్తే మిగిలేది. కొత్త పుస్తకం ధర 100 అనుకుందాం. దాన్ని సెమిస్టర్ చివర 45కు అమ్మగలిగితే అసలు ఖర్చు 55. అదే పుస్తకం పాత ప్రతిని 60కి కొని 40కి అమ్మితే ఖర్చు 20 మాత్రమే. సెమిస్టర్ అద్దె 35 అయితే, చూడడానికి అద్దె తక్కువగా కనిపించినా పాత ప్రతి కొనడమే లాభం. కానీ ఈ లెక్కంతా తిరిగి అమ్ముడవుతుందన్న నమ్మకం మీద ఆధారపడి ఉంది. మరుసటి సంవత్సరం కొత్త ఎడిషన్ రాబోతోందని ప్రచురణకర్త ప్రకటించి ఉంటే ఆ 40 కాస్తా 10 కావచ్చు, అప్పుడు అద్దె మెరుగు. ఇప్పుడున్న ఎడిషన్ అచ్చయి మూడేళ్లు దాటితే ఆ ప్రమాదం దగ్గరలో ఉన్నట్టే లెక్క.

ఎలక్ట్రానిక్ ప్రతి అద్దె చవకే. బొమ్మలు చూసి చదివే జీవశాస్త్రానికి అది సరిపోతుంది. మూడు పుటల వెనుక ఉన్న సమీకరణాన్ని, వెనుక ఉన్న పట్టికను, ఎదురుగా ఉన్న లెక్కను మార్చి మార్చి చూడవలసిన భౌతికశాస్త్రానికి నా దృష్టిలో కాగితమే నయం. పుస్తకం చూసి రాసే పరీక్షలు ఉంటే, పరీక్ష గదిలోకి ఎలక్ట్రానిక్ పరికరాలను అనుమతిస్తారో లేదో కొనకముందే అడగండి. అద్దె ఎంచుకున్నవారు తిరిగి ఇవ్వవలసిన తేదీని తీసుకున్న రోజే రాసిపెట్టుకోవాలి. గడువు దాటితే పడే జరిమానా కొన్నిసార్లు పూర్తి ధరకు సమానంగా ఉంటుంది.

10. అమ్మవలసినవి వెంటనే అమ్మండి, ఉంచుకోవలసినవి ఉంచుకోండి

చివరి పరీక్ష అయిన తరువాత పుస్తకం విలువ నెలనెలా తగ్గుతుందే గాని పెరగదు. పెన్సిల్ రాతలు చెరిపి, ఐఎస్‌బీఎన్ పుట ఫొటో తీసి, రాబోయే సంవత్సరం అదే కోర్సు చదవబోయేవారికి తెలిసేలా చేయండి. ఆ అధ్యాపకులే మళ్లీ బోధిస్తున్నారో, అదే ఎడిషన్ వాడుతున్నారో ముందే అడిగి చెబితే కొనేవారికి నమ్మకం కలుగుతుంది.

మీ ప్రధాన సబ్జెక్టు పుస్తకాల విషయంలో మాత్రం అమ్మేముందు తరువాతి కోర్సుల జాబితా చూడండి. జీవరసాయన శాస్త్రం మొదటి వారాల్లో కర్బన రసాయన శాస్త్రం తిరగేయవలసి వస్తుంది. భౌతిక రసాయనం చదివేటప్పుడు కలనగణితం పుస్తకం లేనివారు రెండోసారి కొంటారు. ఈ రెండూ ఎడిషన్ మారినా విషయం పాతబడని పుస్తకాలే, పైగా అమ్మితే వచ్చేది ఎలాగూ తక్కువ. పై కోర్సులు పూర్తయ్యేవరకు వాటిని అరలోనే ఉండనివ్వండి. మీ సబ్జెక్టుకు సంబంధం లేని పుస్తకాలను, త్వరగా పాతబడే జన్యుశాస్త్రం వంటి పుస్తకాలను మొదట అమ్మేయండి.